కొంగలదిబ్బ చెవి

మా ఆయన మీద నాకు పెద్దగా ఫిర్యాదులు లేవు. ఒక్కటుంది. అది పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంది. ఆయన ఎప్పుడూ తప్పు చెయ్యరు. తప్పులు జరుగుతాయి, కాదనను. వాటిలో ఆయన ప్రమేయం ఉండదు. గుడివాడ వెళ్ళాల్సిన వాళ్ళం అవనిగడ్డలో దిగితే, బస్సు బోర్డు రాసినవాడికి చదువు రాదు. కాఫీలో ఉప్పు పడితే, డబ్బాలు రెండూ ఒకే రంగువి కొన్నదాన్ని నేను. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి "చినుకు పడదు, షామియానా దండగ" అని సెలవిచ్చారు. తాళి కట్టే వేళకి పెళ్ళికొడుకు పంచె మోకాళ్ళదాకా ఎగ్గట్టి నీళ్ళలో నిలబడ్డాడు. "నేను చెప్పింది బందరుకి. కల్యాణమంటపం ఊరి పొలిమేర దాటాక ఉంది" అన్నారు మా ఆయన. గాలీ వానా చదవడమే ఉద్యోగమైన మనిషి ఇలా మాట్లాడితే, వినేవాళ్ళకి ఎంత ధైర్యంగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆయన పేరు రంగనాయకులు. తుఫానుల మీద పరిశోధన చేసే చిన్న ఆఫీసొకటి బందరులో ఉంది, దానికి పెద్ద ఆయనే. నేను చదివింది బీఎస్సీ ఫిజిక్సు. ఆ చదువుని ప్రస్తుతం ప్రెషర్ కుక్కరు మీద ప్రయోగిస్తున్నాను.

ఆయన తయారుచేసిన పరికరానికి ఆఫీసు కాగితాల్లో బారెడు పేరుంది. వాడుకలో అందరూ "చెవి" అంటారు. చూడ్డానికి అప్పడం అంత ఉంటుంది. చుట్టూ ఇత్తడి కమ్మీ, మధ్యలో ఉల్లిపొరలాంటి పలచటి పొర. ఎక్కడో నడిసముద్రంలో తుఫాను పుట్టినప్పుడు అలలు ఒకదాన్నొకటి కొట్టుకుని గాలిలో ఒక నిదానపు ఊపు లేస్తుందట. అది మన చెవికి అందదు, ఈ పొరకి అందుతుంది. గాలి మొదలు కాకముందే తుఫాను బలమెంతో, ఎటు కదులుతోందో దాన్నిబట్టి తెలుస్తుంది.

"పైనుంచి ఫోటో తీస్తే మనిషి ఎంత లావున్నాడో తెలుస్తుంది. జ్వరం ఎంతుందో తెలియాలంటే చెయ్యి పట్టుకుని చూడాలి" అంటారు ఆయన, ఉపగ్రహాలవాళ్ళ మీద కోపం వచ్చినప్పుడల్లా.

చెయ్యి పట్టుకోవాలంటే దగ్గరికి వెళ్ళాలి. అందుకని కృష్ణ సముద్రంలో కలిసే చోట, నీళ్ళ మధ్య ఉన్న దిబ్బల మీద ఈ చెవులు పెట్టారు. సముద్రం అంచున వంటరిగా వదిలేస్తే కాకులు ఎత్తుకుపోతాయి గనక మనుషులుండే ఇళ్ళలోనే పెట్టాలి. మనుషులుండే ఇళ్ళలో చప్పుళ్ళుంటాయి. ఆ చిక్కు విప్పడంలోనే ఆయన గొప్పతనమంతా ఉంది. చెవి ముందు ఆ ఇంటి అలవాట్లన్నీ నేర్చుకుంటుంది. చీపురు, గిలక, దగ్గు, తలుపు. తరవాత ఆ చప్పుడు రాగానే పొర తనంతట తాను దానికి ఎదురు కదిలి దాన్ని చంపేస్తుంది. ఇంటిని తీసివేస్తే మిగిలేది సముద్రం.

అన్నిటికంటే సముద్రానికి దగ్గరగా ఉన్న చెవి కొంగలదిబ్బ మీద, మా అక్క నాంచారమ్మ ఇంట్లో ఉండేది.

అక్క అక్కడ అంగన్వాడీ టీచరు. బావ పోయాక కూడా దిబ్బ వదిలి రాలేదు. బందరు వచ్చి మాతో ఉండమంటే, "మీ ఊళ్ళో నేల కదలదే, నిద్ర పట్టదు" అనేది. ఆవిడ వసారాలో ఒక ఊయల బల్ల ఉండేది. పనికిరాని పడవ పలకతో, లంగరు గొలుసులతో బావ చేసిపెట్టాడు. ఎత్తైన దూలానికి వేలాడదీసిన బరువైన బల్ల కావడం వల్ల మహా నిదానంగా ఊగేది. సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకి పంపేసి, టీ గ్లాసు పట్టుకుని, కాళ్ళు నేలకి ఆనీ ఆననట్టు ఊగుతూ కూచునేది అక్క. ఆవిడ ఊగుతుంటే ఇల్లంతా ఊపిరి పీల్చి వదులుతున్నట్టుండేది.

చెవి బిగించిన రోజున నేనూ ఉన్నాను. ఆయన స్టూలెక్కి గోడకి మేకు కొడుతున్నారు. అక్క ఊయల మీద కూచుని పర్యవేక్షిస్తోంది.

"మరిదిగారూ, ఇది నా మాటలు వింటుందా?"

"వింటుంది వదినగారూ, పట్టించుకోదు."

"అచ్చం మీలాగే చేశారన్నమాట."

నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన మేకు మీద దృష్టి పెట్టారు.

"అది కాదుగానీ, నేనిలా ఊగుతుంటే ఎలా?" అంది అక్క. "తుఫాను ఊపు నిదానమంటున్నారు. నా ఊపూ నిదానమే."

"కొన్నాళ్ళకి మీ ఊయలని నేర్చేసుకుంటుంది. తరవాత మీరు ఊగినా దాని లెక్కలో ఊగనట్టే."

"బాగుంది. మరి ఊగేది తుఫానైతే, పాపం నాంచారమ్మే ఊగుతోంది అనుకుంటేనో?"

"అనుకోదు. దానికి తేడా తెలుసు."

"తెలియకపోతే?"

"తెలుస్తుందండీ."

"పందెం" అంది అక్క. "ఓడినవాళ్ళు ఓడామని పైకి చెప్పాలి. అంతే. డబ్బులొద్దు. డబ్బులైతే మీరు సులువుగా ఇచ్చేస్తారు."

ఆయన నవ్వి సరేనన్నారు. ఓడిపోయే అలవాటు లేనివాళ్ళకి పందేలు తేలిక.

అక్క మొన్న ఎండాకాలంలో పోయింది. రెండ్రోజుల జ్వరం. మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ, పంటు మీద ఒడ్డుకి తెచ్చేసరికే ఆలస్యమైంది. పెద్దకర్మ అయ్యాక ఇంటి తాళం పక్కింటి నాగేంద్రానికి ఇచ్చి వచ్చేశాం. నాగేంద్రం అంగన్వాడీలో ఆయా, అక్కకి సగం చెల్లెలు, అంటే నా వాటాలో సగం కాజేసిన మనిషి. ఇంటికొచ్చాక వెతికితే నా ఫోనులో అక్క గొంతు ఒక్క ముక్క కూడా లేదు. ఫోను ఎత్తగానే "చార్జీ దండగ, పంటెక్కి రా" అని పెట్టేసే మనిషి గొంతు ఎక్కడ దొరుకుతుంది?

తుఫానుల కాలం వస్తే మా భోజనాల బల్ల సగం ఆఫీసైపోతుంది. ఒక తెర, ఒక డబ్బా, చెవులకి పెట్టుకునే తొడుగులు వచ్చి చేరతాయి. డబ్బా మీద రెండు మీటలు. ఒకటి 'మిగిలింది', రెండోది 'తీసేసింది'. ఆయన ఎప్పుడూ మిగిలిందే వింటారు, రెండోది నన్ను ముట్టుకోవద్దంటారు. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, వద్దన్న మీట కాబట్టి, నేను రెండోది నొక్కాను.

చీపురు చప్పుడు. వాకిలి ఊడుస్తున్నారు. ఆగి, చీపురు పిడిని అరచేతిలో రెండుసార్లు తట్టి, మళ్ళీ ఊడుస్తున్నారు. ఆ తట్టడం మా అమ్మ దగ్గర్నుంచి అక్కకి వచ్చింది, నాకు రాలేదు. తరవాత గిలక. తరవాత దగ్గు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి నేను నేలమీద కూచుని ఉన్నాను.

తొడుగులు తను పెట్టుకుని విని, "అది ఆవిడ కాదు" అన్నారు. "ఆ వేళకి ఆవిడ ఊడుస్తుందని దాని నమ్మకం. లేని చప్పుడుకి ఎదురు కదులుతోంది."

మనిషి లేకపోయినా కాఫీ వేళకి చెయ్యి రెండు గ్లాసులు తీస్తుంది. నాకు అర్థం కాకపోవడానికేముంది?

"ఎవరూ లేరని దానికి చెప్పలేదా?"

"చెప్పాలి. 'మరచిపో' అని ఇక్కణ్ణుంచి ఆజ్ఞ పంపాలి. పంపుతాను."

పంపలేదు. ఖాళీ ఇల్లే కదా, తొందరేముంది అన్నారొకసారి. నేను గుర్తు చెయ్యలేదు. మాట్లాడుకోకుండా మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం మా కాపురంలో అదొక్కటే.

ఆ తరవాత నా మధ్యాహ్నాలన్నీ కొంగలదిబ్బ మీదే గడిచాయి. గోరుచిక్కుళ్ళు ముందేసుకుని, తొడుగులు పెట్టుకుని కూచునేదాన్ని. ఆ పొరకి మాటలు అందవు. గొంతు అందుతుంది, గోడవతల మనిషి మాట్లాడుతున్నట్టు. ఏం చెబుతోందో తెలియదు, చెబుతోందని తెలుసు. సాయంత్రాలు కొన్నిసార్లు ఊయల వచ్చేది. అది చప్పుడు కాదు. ఎవరో దగ్గరగా వంగి, దూరం జరిగి, మళ్ళీ వంగినట్టు చెవుల్లో మెత్తటి ఒత్తిడి. ఆ వేళకి నేను కూరలు కూడా తరగకుండా కూచునేదాన్ని. కూర ఎందుకు ఆలస్యమైందని ఆయన ఒక్కరోజూ అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కార్తీకమాసంలో తుఫాను పుట్టింది.

మొదట అది ఒంగోలు అన్నారు, తరవాత కాకినాడ అన్నారు. చివరికి అది మావైపే తిరిగింది. అప్పుడు మిగిలిన ప్రశ్న ఒక్కటే. కొంగలదిబ్బ మీదా, దానికి ఉత్తరాన ఉన్న పాతలంక మీదా? రెండింటి మీదా జనం ఉన్నారు. పంటు ఒక్కటే ఉంది. రెండోది మరమ్మతుకి ఒడ్డెక్కింది. చీకటి పడితే ఆ ఒక్కటీ నడవదు. అంటే ఒక దిబ్బ ఖాళీ చెయ్యొచ్చు, రెండో దిబ్బవాళ్ళు అక్కడి తుఫాను షెల్టరులో తలదాచుకోవాలి. తుఫాను పక్కనుంచి పోతే షెల్టరు చాలు. నెత్తిమీదకొస్తే చాలదు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఎమ్మార్వోగారు ఫోను చేశారు. ఆవిడ నెమ్మదైన మనిషి, ఆరోజు మరీ నెమ్మదిగా మాట్లాడారు.

"రంగనాయకులుగారూ, పంటు ఎటు పంపమంటారు?"

ఆయన తెర వంక చూశారు. పాతలంక చెవి బాగానే కొట్టుకుంటోంది. కొంగలదిబ్బ గీత మాత్రం నిద్రపోతున్న పిల్ల ఊపిరిలా ఉంది.

"పాతలంకకే పంపండి మేడమ్. కొంగలదిబ్బలో ఏమీ లేదు. అది నా దగ్గరున్న అన్నిట్లోకీ మంచి చెవి."

"వెళ్ళే ముందు డీజిల్ పోయిస్తున్నాం. ఏదైనా మారితే ఈలోగా చెప్పండి."

ఆయన పక్కగదిలోకి వెళ్ళి ఆఫీసువాళ్ళతో మాట్లాడుతున్నారు. నేను ఎంగిలి కంచాలు తీసి, చెయ్యి తుడుచుకుని, రోజూ చేసే పనే చేశాను. తొడుగులు పెట్టుకుని రెండో మీట నొక్కాను.

అక్క ఊగుతోంది.

కళ్ళు మూసుకున్నాను. ఆ వేళ కాని వేళలో అక్క ఊయల ఎక్కిందని ముందు సంతోషమే కలిగింది. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినిపించలేదు. పక్కన కూచుంటే బల్ల ముందుకెళ్ళినప్పుడు నా మోకాలికి ఆవిడ మోకాలు తగిలేది. అది కూడా తగిలినట్టే ఉంది. జరగవే చిన్నీ, అన్నట్టే ఉంది. జరిగాను. నిజంగానే, కుర్చీలో పక్కకి జరిగాను.

తరవాత ఏదో తేడాగా అనిపించింది. అక్క ఆలోచిస్తూ ఊగుతుంది. మధ్యలో కాలు ఆనిస్తుంది, టీ చప్పరిస్తుంది, మళ్ళీ నెడుతుంది. ఇది ఆగడం లేదు. ఇంత గట్టిగా అక్క చిన్నప్పుడు కూడా ఊగలేదు. ఈ ఊపుకి బావ కట్టిన గొలుసులు తెగిపోవాలి.

నాగేంద్రానికి ఫోను చేశాను.

"ఊయల ఊగుతోందా నాగేంద్రం?"

"ఏ ఊయల చిన్నమ్మగారూ?"

"అక్కది."

"అదెక్కడుందండీ? పెద్దకర్మ మర్నాడే విప్పి బల్ల గోడకి జారేశాం. గొలుసులు మీ బావగారి తమ్ముడు పడవకని పట్టుకుపోయాడు. ఖాళీ ఊయల ఊగితే మంచిది కాదంటారు గదా. ఇక్కడ ఆకు కూడా కదలట్లేదు. ఉక్కపోత. మమ్మల్ని ఉండిపొమ్మన్నారంట, నిజమేనా?"

సమాధానం చెప్పకుండా పెట్టేశాను. గొలుసులు ఎండాకాలంలోనే పోయాయి. మరి వానాకాలమంతా సాయంత్రాలు నేను పక్కన కూచుని విన్నది ఎవర్ని? చీపురూ, దగ్గూ దాని జ్ఞాపకాలు, సరే. ఊయల మాత్రం జ్ఞాపకం కాదు. బయటినుంచి నిజంగానే ఊపు వస్తోంది, చెవి దాన్ని నాంచారమ్మ అనుకుంటోంది. అన్నాళ్ళూ నేను తల వంచి ఆనుకున్నది సముద్రానికి.

పక్కగదిలోకి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన ఫోను చేత్తో మూసి, "అసాధ్యం. దానికి తేడా తెలుసు" అన్నారు.

వాదించలేదు. చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చి తొడుగులు ఆయన తలకి పెట్టాను. ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను. మొదట చిరాకు. తరవాత అది పోయి, నేను కళ్ళు మూసుకున్నప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో అలా అయింది. ఒక్క క్షణమే. ఆపైన రంగు పోయింది.

"తీసేసింది, మిగిలింది, రెండూ కలిపేస్తే మొత్తం రాదా?" అన్నాను. బీఎస్సీ ఊరికే పోలేదు.

"రాదు. పొర ఎదురు కదలడానికి ఒక హద్దుంది. హద్దు దాకా వెళ్ళి కొట్టుకుంటోంది. అవతలిది ఎంతుందో తెలియాలంటే అది ఎదురు కదలడం మానాలి."

"ఊయలొక్కటే మరచిపొమ్మనండి."

"పప్పులో కలిపిన ఉప్పు తియ్యగలవా?"

ఆయన వంటింటి సామెత చెప్పడం అదే మొదటిసారి. అదీ తప్పు లేకుండా.

మరచిపోతే మొత్తం పోతుంది. చీపురు, గిలక, గోడవతలి గొంతు. ఆ అలవాట్లన్నీ పెరుగు కుండలో వాసనలాగా ఆ పొరలోనే ఇంకి ఉన్నాయి, ఇంకోచోట లేవు. ఒక్కరోజైనా ఫోను దగ్గర పెట్టి రికార్డు చేసుకుని ఉండొచ్చు. తోచలేదు. కుళాయి కట్టేస్తారని తెలియనివాళ్ళు బిందెలు పట్టుకోరు.

ఆయన చెయ్యి తెర కిందున్న 'మరచిపో' మీట దాకా వెళ్ళి ఆగింది. నా వంక చూశారు. బయట పక్కవాళ్ళ రేడియోలో ఎవరో జాగ్రత్తలు చదువుతున్నారు.

"ఒక్క నిమిషం" అని తొడుగులు తీసుకున్నాను.

ఊయల ఒత్తిడి అడుగున, వెతికితే, చిన్నగా వేరే చప్పుళ్ళున్నాయి. అక్క పిల్లలకి గుడ్లు ఉడికించే గిన్నె మూత. ఆ తరవాత దగ్గు, రెండు పొట్టివి. మూడో దగ్గు, పొడుగుది, రావాలి. దానికోసం ఆగితే ఇంకోదానికోసం కూడా ఆగుతానని నాకు తెలుసు.

తొడుగులు తీసేశాను. మీట నేనే నొక్కాను. ఆయన నొక్కితే, ఆ మీట తయారుచేసినవాడిదే తప్పని జీవితాంతం వినాల్సి వచ్చేది.

తెర మీద కొంగలదిబ్బ గీత కాసేపు పడుకునే ఉంది. తరవాత లేచింది. లేస్తూనే ఉంది. తెర అంచు తాకాక ఆయన గీత కొలత తగ్గించారు. మళ్ళీ అంచు తాకింది.

"మేడమ్" అన్నారు ఫోనులో. "పంటు కొంగలదిబ్బకి పంపండి. మొత్తం ఖాళీ చేయించండి. పాతలంకవాళ్ళకి షెల్టరు చాలు."

"ఇందాక పాతలంక అన్నారు కదండీ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. నేను ఊపిరి బిగబట్టాను.

"ఇందాకటిది వేరే లెక్క మేడమ్" అన్నారు.

ఆ మాట విని నవ్వాను. ఏడుపూ అప్పుడే వచ్చింది.

పంటు చీకటిపడే లోపు కొంగలదిబ్బ జనాన్నంతా ఒడ్డుకి చేర్చింది. ఆఖరి విడతలో నాగేంద్రం వచ్చింది, ఒక మేకపిల్లని చీర చెంగులో కట్టుకుని. తుఫాను దిబ్బ మీదుగానే నడిచింది. షెల్టరు పైకప్పు మడ అడవిలో దొరికింది. సముద్రం వైపు సగం దిబ్బ లేదు. పాతలంకలో గొడ్లు పోయాయి, ఇళ్ళు పోయాయి. షెల్టరు మాత్రం నిలబడింది.

నీళ్ళు తీశాక మేమిద్దరం పంటెక్కి వెళ్ళాం, కొత్త చెవి పెట్టడానికి. అక్క ఇల్లున్న చోట అలలున్నాయి. నాగేంద్రం మిగిలిన గట్టు మీద రేకుల పాక వేసుకుంది. మడచెట్లలో ఇరుక్కున్న ఊయల బల్లని ఎవరో తెచ్చిచ్చారట, పడవ పలక కాబట్టి మునగలేదు. వల తాళ్ళతో పాక ముందు కట్టింది. దాని మీద అంగన్వాడీ పిల్లలు ముగ్గురు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు.

ఆయన రాటకి చెవి బిగించారు. పొర కొత్తది, ఇంకా ఏ ఇల్లూ తెలియనిది. పని అయ్యాక అక్కణ్ణుంచి కదల్లేదు. పిల్లలు దిగి పోయారు. నేను వెళ్ళి ఊయల మీద కూచున్నాను, ఒక పక్కకి జరిగి.

"నువ్వు మధ్యాహ్నాలు వింటున్నావని నాకు తెలుసు" అన్నారు, నా వైపు తిరక్కుండా. "అందుకే ఆ ఆజ్ఞ పంపలేదు."

"తెలుసు."

ఆయన పెదాలు కదిలాయి. ఏదో గొణిగారు, రాట వైపు.

"పందెం అది కాదు" అన్నాను. "పైకి చెప్పాలి."

నాగేంద్రం పాకలోంచి తల బయటపెట్టి చూసింది. మా ఆయన చేతులు కట్టుకున్నారు, విప్పారు. తరవాత ఆ చెవి ముందు, ఎవరింటికో మొదటిసారి వెళ్ళినవాడిలా నిలబడ్డారు.

"వదినగారూ, దానికి తేడా తెలియలేదు. మీరు లేరని దానికి చెప్పాల్సింది నేను. చెప్పలేకపోయాను. తప్పు నాదే."